డ్రమ్ము ఉబ్బిందా? ముందు బిరడా బిగించడం ఆపండి

పాశమైలారం ఫ్యాక్టరీల నుంచి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి వెళ్లే రసాయన వ్యర్థాల లోడులో డ్రమ్ము ఉబ్బిందని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది, "లోపల ఏముంది?" అని. "లేబుల్ మీద రాసుంది సార్" అంటారు. లేబుల్ సంగతి సరే, మనవాళ్లు అందులో ఏం పడేశారో కావాలి నాకు. బిరడా వేసేముందు టార్చి వేసి ఒకసారి లోపలికి చూడమంటే ఎవరికీ ఓపిక ఉండదు.

బిరడా చుట్టూ తడి ఉంటే అంచు దాకా నింపేశారన్నమాట. ఎండకు ద్రవం పెరుగుతుంది. పదో వంతు ఖాళీ వదలండి, వాషర్ మార్చండి. అయిపోయింది. బ్లీచింగ్ ద్రావణం దానంతటదే వాయువు వదులుతుంది కాబట్టి గాలి పోయే బిరడా పెట్టాలి. అందులో యాసిడ్ కలిసి క్లోరిన్ వాసన వస్తే దగ్గరికి వెళ్లకండి, సేఫ్టీ వాళ్లను పిలవండి.

ఇక నన్ను ముంచిన కేసు. కాస్టిక్ వేస్టు (ఘాటైన క్షారం ఉన్న వ్యర్థం), ఖాళీ వదిలాం, వాషర్ కొత్తది. సాయంత్రం లోడు చేసినప్పుడు చప్పుడు లేదు. మర్నాడు మధ్యాహ్నం ఔటర్ మీద నుంచి డ్రైవర్ ఫోన్: "సార్, డ్రమ్ములకు బొజ్జలొచ్చినయ్." వెళ్లి చూస్తే నీలం డ్రమ్ముల అడుగు గుండ్రంగా తేలి, చెయ్యి వేస్తే ఊగుతున్నాయి.

కారణం అల్యూమినియం ఫాయిల్. ప్యాకింగ్ హాల్ ఊడ్చిన చెత్తలోని మాత్రల స్ట్రిప్ ముక్కలు కడిగిన నీళ్లతో పాటు వచ్చేశాయి. క్షారంలో అల్యూమినియం కరిగితే హైడ్రోజన్ పుడుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర కరిగేదాకా నెమ్మదిగా ఉంటుంది, ఎండ తగిలాక ఊపందుకుంటుంది. ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కాగితం దీన్ని పట్టుకోలేదు. గ్రాము అల్యూమినియానికి లీటరుంబావు వాయువు. 200 లీటర్ల డ్రమ్ములో 20 లీటర్లే ఖాళీ. అంటే రెండు కూల్‌డ్రింక్ టిన్నులంత అల్యూమినియం చాలు, బొజ్జ రావడానికి.

లోపలి విషాన్ని క్షారంతో విరగ్గొట్టే చోట, రసాయన ఆయుధాల ధ్వంసంలోనూ ఈ తలనొప్పి ఉండేది. అమెరికా ఆ పనిని 2023 జూలైలో ముగించింది. అక్కడి ఎం55 అనే విషరసాయన రాకెట్ల వార్‌హెడ్ (ముందు భాగం) తొడుగు అల్యూమినియమే, క్షారంలో పడితే ఇదే హైడ్రోజన్.

అలాంటి డ్రమ్మును బిగించవద్దు, గబుక్కున విప్పవద్దు. బీడీ, ఫోన్, వెల్డింగ్ అన్నీ దూరం. వీలైతే నీడ చేసి, మనుషుల్ని పక్కకు పంపండి. ముఖానికి షీల్డు, పొడవు గ్లవ్స్ వేసుకున్న శిక్షణ ఉన్న మనిషే నిప్పురవ్వ రాని స్పానర్‌తో బిరడాను కొద్దికొద్దిగా వదలాలి, లేకపోతే కాస్టిక్ మొహం మీద చిమ్ముతుంది. "యాసిడ్ పోసి చల్లార్చేద్దాం" అనే తెలివి ప్రతి షిఫ్టులో ఒకరికి వస్తుంది. వద్దు, వేడెక్కి ఇంకా పొంగుతుంది.

తర్వాత ఫాయిల్ ఏరేసి, గాలి పోయే బిరడాతో నీడలో కొన్ని రోజులు ఉంచి చూడండి. బుడగలు పూర్తిగా ఆగాకే లోడు చేయండి. మూసిన కంటైనర్ లారీ మాత్రం వద్దు, హైడ్రోజన్ పైకప్పు కింద పోగవుతుంది.

లోపలి సరుకు పులియడం, డ్రమ్ము తుప్పు పట్టడం లాంటివి ఎప్పుడో ఒకటి, వాటితో బుర్ర పాడు చేసుకోకండి. లోడుతో పాటు వెళ్లే ఫారం 10 మానిఫెస్టు కాగితంలో "క్షార వ్యర్థం" అని ఊరుకోకుండా "అల్యూమినియం ముక్కలు ఉండొచ్చు" అని రాయండి. అవతల బిరడా విప్పేవాడు అది చదివే విప్పుతాడు.