తిరుపతిలో 30×40 సైటు: కొనేవాళ్లకు నచ్చేలా ఇంటి ప్లాను గీయడం ఎలా

ప్లాను గీయడం గోడలతో మొదలుపెట్టకండి, మంచంతో మొదలుపెట్టండి. కాగితం మీద "బెడ్‌రూం 9×10" అని రాస్తే గది బాగానే ఉన్నట్టు కనబడుతుంది. అందులో 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న మంచం వేసి, కాళ్ల వైపు 2 అడుగుల లోతు కప్‌బోర్డు పెట్టి చూడండి. మధ్యలో మిగిలేది అడుగున్నర. అందులో కప్‌బోర్డు తలుపు తెరుచుకోదు, మనిషి వంగి చీర తీసుకోలేడు. అదే గది 10½×12 అయితే మంచానికి రెండు పక్కలా రెండుంబావు అడుగులు, కప్‌బోర్డు ముందు మూడున్నర అడుగులు వస్తాయి. ఇల్లు చూడడానికి వచ్చిన కుటుంబం కొలత టేపు తేదు, కానీ గదిలో అడుగు పెట్టగానే ఈ తేడా వాళ్లకు తెలిసిపోతుంది.

ముందు స్థలం లెక్క తేల్చుకోవాలి. 30×40 అంటే 1200 చదరపు అడుగులు, 133 గజాల చిల్లర, సుమారు 2.75 సెంట్లు. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి 33 అంకణాల పైచిలుకు. నెల్లూరు వైపు అంకణం 72. ఆ వైపు నుంచి వచ్చి కొనేవాళ్లకు అంకణాల్లో ధర చెప్తే గందరగోళమే, చదరపు అడుగుల్లో చెప్పడం మేలు.

1200లో కట్టుకునేది ఎంత? ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా 3 అడుగుల 3 అంగుళాలు వదిలామనుకుందాం. రోడ్డు వెడల్పును బట్టి, ఇంటి ఎత్తును బట్టి ఇది మారుతుంది. మీ సైటుకు ఎంత వదలాలో కార్పొరేషన్ లేదా తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో లైసెన్సు ఉన్న ఇంజినీరుతో ముందే రాయించుకోండి. మిగిలేది 23½×31¾. చుట్టూ 9 అంగుళాల గోడలు పోతే లోపల 22×30¼, అంటే 665 చదరపు అడుగులు. ఇంతలో కింద అంతస్తులోనే మూడు బెడ్‌రూములు, కారు, మెట్లు అన్నీ ఇరికించిన ఇళ్లు చాలా కనబడతాయి. వాటిలో ఏ గదీ వాడుకకు పనికిరాదు. కింద ఒక బెడ్‌రూం, పైన రెండు పెట్టి డూప్లెక్స్‌గా గీస్తే కింద లెక్క ఇలా వస్తుంది:

పోర్టికో 10×11 = 110
మెట్లు 6½×10 = 65
లోపలి గోడలు సుమారు 25
హాలు, డైనింగు కలిపి 11×15 = 165
బెడ్‌రూం 10½×12 = 126
వంటగది 8×10 = 80
బాత్రూం 4½×7½ = 34
పూజ 3×4 = 12

మిగిలిన 48 చదరపు అడుగులు నడవకు, గుమ్మం ముందు 4×4 అరుగుకు. పోర్టికో లోతు 11 అడుగులే అయినా ముందు వదిలిన 5 అడుగులు కలిస్తే 16 వస్తుంది, మామూలు కారు నిలబడుతుంది. నడవ ఇంతకంటే పెరిగిందంటే గదులు పక్కపక్కన కుదరలేదని అర్థం. ప్లాను మళ్లీ గీయించండి. నడవకు పోయిన ప్రతి అడుగూ కొనేవాళ్లు డబ్బు కట్టి వాడుకోలేని చోటే.

మెట్ల విషయంలో తొందరపడి తప్పులు చేస్తారు. అంతస్తు ఎత్తు స్లాబుతో కలిపి పదిన్నర అడుగులైతే 7 అంగుళాల ఎత్తున 18 మెట్లు. 9 చొప్పున రెండు వరసలు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు, వరస వెడల్పు 3 అడుగులు, మలుపు దగ్గర 3 అడుగులు. ఇదంతా 6½×10లో పడుతుంది. చోటు మిగులుతుందని మెట్లను 8 అంగుళాల ఎత్తుకు పెంచితే ఇంట్లో పెద్దవాళ్లు పైకి ఎక్కడం మానేస్తారు. మెట్లు గుమ్మం ముందు అరుగు నుంచే మొదలవ్వాలి, హాలులోకి ఇంకో తలుపు ఉండాలి. అప్పుడు సొంతానికి వాడుకుంటే ఒకే ఇల్లు. పై అంతస్తు అద్దెకిస్తే ఆ తలుపు మూస్తే సరిపోతుంది. పైన వంటగదికి సరిపడా నీళ్ల పైపు, డ్రైనేజి పైపు ఇప్పుడే వదిలి, కరెంటు మీటరు విడిగా పెట్టించుకునే ఏర్పాటు ఉంచండి. యూనివర్సిటీలు, ఆసుపత్రులు ఉన్న ఊరు కాబట్టి అద్దె ఆదాయాన్ని లెక్కేసుకుని కొనేవాళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు.

ఇక ఈ ఊరికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలు వస్తారు. కొండకు పోయేవాళ్లు రాత్రికి హాలులో పడుకుని తెల్లవారుజామున మూడింటికి లేచి స్నానాలు చేసి బయల్దేరతారు. కాబట్టి కింద అంతస్తులో ఒక బాత్రూం బెడ్‌రూం లోపలి నుంచి కాకుండా నడవ వైపు తెరుచుకోవాలి. వీలైతే దాన్ని రెండుగా చేయండి: 3×4½లో టాయిలెట్, 4½×4½లో స్నానం, వాష్‌బేసిన్ బయట. ఒకే చోట ముగ్గురు ఒకేసారి పని కానిచ్చుకుంటారు. దాని తలుపు డైనింగు టేబులుకు ఎదురుగా రాకూడదు, ఎన్ని చెప్పినా ఇది చాలా ప్లానుల్లో జరిగే తప్పు. హాలులో ఒక గోడనైనా 8 అడుగుల పొడవున తలుపు, కిటికీ లేకుండా వదిలితే దివాన్ వేసుకోవచ్చు, కింద పరుపులూ పరుచుకోవచ్చు.

వంటగదిలో రెండు వైపులా 2 అడుగుల గట్టు, మధ్యలో 4 అడుగులు ఉంటే 8 అడుగుల వెడల్పు సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు ఒకరినొకరు తగలకుండా తిరుగుతారు. గట్టు ఎత్తు 33 అంగుళాల దగ్గర ఉంచండి. ఫ్రిజ్‌కు రెండున్నర అడుగులు ప్లానులోనే గుర్తు పెట్టాలి, లేకపోతే అది హాలులోకి వస్తుంది. గ్రైండరు, మిక్సీ, ఓవెన్, నీటి ఫిల్టరు అన్నిటికీ విడివిడి పాయింట్లు కావాలి. బోకులు తోమడానికి, వాషింగ్ మెషీన్‌కు కనీసం 4×6 యుటిలిటీ వంటగదిని ఆనుకుని ఉండాలి. కింద కుదరకపోతే మిద్దె మీదైనా వాషింగ్ మెషీన్‌కు నీళ్లు, డ్రైనేజి, రేకుల నీడ ఇవ్వండి. యుటిలిటీ లేని ఇంట్లో మెషీన్ బాత్రూంలోకి చేరుతుంది, అక్కడ అది తుప్పు పడుతుంది.

వాస్తు నమ్మకం మీకున్నా లేకపోయినా కొనేవాళ్లకు ఉంటుందని గీయండి. వంట ఆగ్నేయం, పెద్ద బెడ్‌రూం నైరుతి, ఈశాన్యంలో బరువు, టాయిలెట్ లేకపోవడం: ఈ మూడూ తప్పితే చాలామంది గేటు దగ్గరి నుంచే వెనక్కి పోతారు. పై అంతస్తు బాత్రూం కింది పూజ గది మీద గానీ వంటగది మీద గానీ పడకుండా చూసుకోండి. నమ్మకం అటుంచి, లీకేజీ వస్తే చుక్క పడేది అన్నం వండే చోటే. బాత్రూముల మీద బాత్రూములు వస్తే పైపులూ తగ్గుతాయి.

నైరుతి బెడ్‌రూంతో ఒక చిక్కుంది. పడమటి ఎండ సాయంత్రం దాకా గోడను కాలుస్తుంది, రాత్రి ఆ వేడి గదిలోకి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాదరసం 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కప్‌బోర్డును పడమటి గోడకే కట్టండి, ఎండకు గదికి మధ్య అది అడ్డుగోడలా పనిచేస్తుంది. పెద్ద కిటికీ దక్షిణాన పెట్టి పైన 2 అడుగుల సజ్జ వేయండి. పడమట గాలి ఆడడానికి చిన్న కిటికీ చాలు. ఉత్తరం మాత్రం వదులుకోకండి. తిరుపతికి శేషాచలం కొండలు ఉత్తరాన ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ నేరుగా పడని వైపూ అదే. పై అంతస్తులో ఉత్తరాన 4 అడుగులకు తగ్గని బాల్కనీ ఇస్తే కుర్చీ వేసుకుని కొండను చూడొచ్చు. అంతకంటే తగ్గితే అది బట్టలారేసుకునే దండెం చోటే. చిత్తూరులో సైటుకు కొండ ఎటు కనబడితే అటు చూసుకోవాలి గానీ ఎండ లెక్క మారదు.

2021 నవంబరు వానలకు తిరుపతి పల్లపు వీధుల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత కొనేవాళ్లు ఇంటి మట్టాన్ని చూడడం నేర్చుకున్నారు. రోడ్డు మధ్య నుంచి ఇంటి నేల కనీసం రెండున్నర అడుగులు ఎత్తులో ఉండాలి, రోడ్డు మళ్లీ వేసినప్పుడల్లా కొన్ని అంగుళాలు పెరుగుతుంది కాబట్టి. కానీ పోర్టికోను కూడా అంత ఎత్తు చేస్తే కారు ఎక్కడానికి ర్యాంపు రోడ్డు మీదికి, కాలువ మీదికి పోతుంది. పోర్టికో 9 అంగుళాలే లేపి, అక్కడి నుంచి 7 అంగుళాల మూడు మెట్లతో అరుగు ఎక్కండి. 9, 21 కలిపితే 30 అంగుళాలు, లెక్క సరిపోయింది.

మిద్దె మీద ట్యాంకు నైరుతిలో పెడతారు. మన దగ్గర చాలా నెలలు సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దాని నీడ ఉత్తరం వైపు పడుతుంది. సోలార్ ప్యానెళ్లు ఆ నీడలో పడకుండా దక్షిణపు అంచున, తూర్పు వైపు జరిపి చోటు గుర్తించండి. 3 కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగులు కావాలి. పోర్టికోలో కరెంటు బండి చార్జింగుకు 16 ఆంపియర్ల పాయింటు, ప్రతి బెడ్‌రూంలో ఏసీ పాయింటు, బయటి యూనిట్‌కు నిలబెట్టే చోటు ప్లానులోనే రాయించాలి. తర్వాత గోడ తవ్వితే ఖర్చు రెట్టింపు.

అపార్ట్‌మెంటు కట్టేవాళ్లకు ఒక్క మాట: కొనేవాళ్లు ఇప్పుడు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే విస్తీర్ణం, అడుగుతున్నారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. ఆ అంకెను బ్రోచరులో పెద్ద అక్షరాల్లో వేయండి.

అనుమతి వచ్చిన ప్లానుకు కట్టిన ఇంటికి తేడా రాకూడదు. కొనేవాళ్లలో చాలామంది బ్యాంకు లోనుతోనే కొంటారు, తేడా ఉంటే లోను అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మార్పులన్నీ కాగితం మీదే అయిపోవాలి. తలుపులను గోడ మధ్యలో కాకుండా మూల నుంచి 6 అంగుళాలు వదిలి పెట్టించండి, తలుపు వెనక కప్‌బోర్డు వస్తే 2 అడుగుల 3 అంగుళాలు వదలండి. పిల్లర్లు మంచం గోడలోకి పొడుచుకు రాకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు ప్లాను ఇప్పుడే చూపించండి.

పునాది తవ్వే ముందు సైటులో సున్నంతో ముగ్గు పోసినప్పుడు గదులు చాలా చిన్నవిగా కనబడతాయి. ఖాళీ స్థలంలో ఎంత పెద్ద గదైనా అంతే. చూసి భయపడి మేస్త్రీతో గీత జరిపించకండి. టేపు పట్టి, మంచం కొలతకు నాలుగు ఇటుకలు పెట్టి, చుట్టూ నడిచి చూసుకోండి.