దద్దుర్లు గ్లూటెన్ వల్లేమో అంటే డాక్టర్లు వినలేదు: నా అనుభవం

మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద చిన్న చిన్న నీటి పొక్కులు, రెండు వైపులా ఒకేలా, ఇక దురద అయితే రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. ఎవరికి చూపించినా ఎగ్జిమా అనో గజ్జి అనో ఓ క్రీమ్ రాసి పంపేసేవాళ్లు, గ్లూటెన్ (గోధుమ, బార్లీ, రైలో ఉండే ప్రోటీన్) ఏమో అంటే "కడుపులో ఇబ్బందేం లేదుగా" అని కొట్టిపారేసేవాళ్లు. కానీ డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ (గ్లూటెన్ పడక పేగుతో పాటు చర్మం మీదా తేలే జబ్బు) ఉన్న చాలామందికి కడుపులో పెద్దగా ఏం తెలీదు, చిక్కంతా అక్కడే.

చివరికి పని చేసింది ఏంటంటే ఆ జబ్బు పేరే సూటిగా చెప్పి అడగడం. పొక్కులు కొత్తగా లేచినప్పుడే ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుని (అపాయింట్‌మెంట్ రోజుకి గోకిన పుండ్లే మిగులుతాయి, అదేం ఖర్మో) అవి చూపించి, "ఇది కాదని తేల్చడానికి ఏ టెస్ట్ చేస్తారు?" అన్నా. అప్పుడు ఆగి ఆలోచించారు. బయాప్సీ పొక్కు మీద కాదు, దాని పక్కనున్న మామూలు చర్మం నుంచి తీసి, చర్మంలో చేరిన యాంటీబాడీల్ని మెరిపించి చూసే డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్‌కి పంపాలి, అందులో ఐజీఏ అనే యాంటీబాడీ చుక్కల్లా కనిపించాలి. టీటీజీ (గ్లూటెన్ జబ్బులో పెరిగే యాంటీబాడీలు చూసే) బ్లడ్ టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. టెస్టులన్నీ అయ్యేదాకా గోధుమ మాత్రం మానొద్దు, మానేస్తే ఉన్నా కూడా నెగెటివ్ రావచ్చు.

నాకు పాజిటివ్. ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ టెస్ట్ చేసి (అది తక్కువుంటే డాప్సోన్ వల్ల ఎర్రకణాలు పగిలిపోతాయట) డాప్సోన్ మాత్ర ఇచ్చారు, దురద కొద్ది రోజుల్లోనే తగ్గింది, కానీ ఆ మాత్ర పేగుకేం చేయదు, దానికి గోధుమ, బార్లీ, రై మానాల్సిందే, చర్మం పూర్తిగా సర్దుకోడానికి నెలలు, కొందరికి ఏళ్లు. డోసు మెల్లగా తగ్గిస్తున్నారు, మధ్యమధ్యలో బ్లడ్ టెస్టులు.