వైద్య నిర్లక్ష్యంపై వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు: ముందు కేస్ షీటు, తర్వాతే కేసు

ఆపరేషన్ వికటిస్తే ఆసుపత్రి ముందు టెంటు వేయడం, పెద్దమనుషుల్లో పెట్టడం మన డెల్టాలో మామూలే. ఆ నాలుగు రోజుల్లో చేజారేది కేస్ షీటు, అంటే ఆసుపత్రి రాసుకున్న మీ వైద్యం రికార్డు. అందుకే మొదటి అర్జీ కమిషన్‌కు కాదు, ఆసుపత్రికే రాయాలి.

రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ వేసి ‘పూర్తి కేస్ షీటు నకలు ఇవ్వండి’ అని అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. మీ అర్జీ రెండో ప్రతి మీద ఆసుపత్రి ముద్ర వేయించుకోండి, కాదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెడితే ఊరుకోవద్దు. నర్సుల చార్టు, మత్తు డాక్టరు నోట్సు, మీ సంతకమున్న అంగీకార పత్రం కూడా కావాలి.

ఎందుకంటారా? కొబ్బరి దింపుకు ఎక్కి పడినాయన చేతికి వేసిన సిమెంటు కట్టు బిగుసుకుపోయిందనుకుందాం. వేళ్లు వాచాయా, నీలమెక్కాయా, కదులుతున్నాయా అన్నది టైముతో సహా చార్టులో ఉండాలి. ‘నొప్పి ఎక్కువ’ అని రాత్రి 10 గంటలకు రాసి, డాక్టరు చూసింది పొద్దున 8కి అని ఉంటే మీ కేసంతా ఆ రెండు రాతల నడుమే ఉంది. చెయ్యి బాగవలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. ఇంకో ఎముకల డాక్టరు అభిప్రాయం రాతలో తీసుకోండి. ప్రతి కేసులోనూ అది తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఇలాంటి వాటిలో లేకుండా నెగ్గడం కష్టం.

మందుల బిల్లులు, ఈసీజీ కాగితాల మీద అక్షరాలు మాసిపోతాయి. వెంటనే జెరాక్స్ తీయించండి. లంకల్లో ఉండేవాళ్లు వరదల లోపే ఫోన్లో ఫొటోలు కూడా తీసుకోవాలి. బిల్లివ్వకుండా తీసుకున్న సొమ్ముకు బ్యాంకు స్టేట్‌మెంటే ఆధారం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, వైద్యం హైదరాబాదులో జరిగినా సరే. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో జిల్లా కమిషన్లున్నాయి. ఆన్‌లైన్లో అయితే ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 50 లక్షలు దాటకపోతే, అడిగే పరిహారం ఎంతైనా జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు. ఆసుపత్రినీ డాక్టరునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జతచేయండి. లాయరు తప్పనిసరి కాదు. నోటీసు అందాక వాళ్ల జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15.

గడువు రెండేళ్లు. ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే: రాజీ మాటలు సాగుతున్నాయి కదా అని గడువు ఆగదు. దాటితే ఆలస్యానికి కారణాలు చూపుతూ వేరే అర్జీ పెట్టాలి, ఒప్పుకోవడం కమిషన్ ఇష్టం.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి ఈ చట్టం కిందకు రాదు. మిగతా రోగుల దగ్గర డబ్బు తీసుకునే ప్రైవేటు ఆసుపత్రి మీకు ఉచితంగా చేసినా వస్తుంది (1995 సుప్రీంకోర్టు తీర్పు). డాక్టరు రిజిస్ట్రేషన్‌పై చర్య కోరితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లాలి, అక్కడ పరిహారం రాదు.

మధ్యలో రాజీ కుదిరితే ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఉందేమో చూసుకోండి. మళ్లీ ఆపరేషన్ కావాల్సి ఉంటే ఆ ఖర్చు అంకెల్లో రాసేదాకా సంతకం పెట్టొద్దు.