నడిబొడ్డున చవక ఇల్లా? ముందు కారణం కనుక్కోండి

సిటీ నడిబొడ్డున, ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో, మన జేబుకు అందే అద్దెకు ఒక ఫ్లాట్. ఇల్లు వెతకడానికి బయల్దేరే ప్రతి ఒక్కరి మనసులో ఉండే బొమ్మ ఇదే. అలాంటివి ఉండవని చెప్పను, ఉంటాయి. కాకపోతే చుట్టుపక్కల ఇళ్లకన్నా తక్కువకు ఒక ఇల్లు దొరుకుతోందంటే దానికి ఏదో కారణం ఉండి తీరుతుంది. లిఫ్ట్ లేకపోవడం కావచ్చు, వెలుతురు రాకపోవడం కావచ్చు, కింద హోటల్ ఉండటం కావచ్చు. అసలు ఆ ఇల్లే లేకపోవడం కూడా కావచ్చు. ఆ కారణం ఏంటో డబ్బు చెయ్యి దాటకముందే తెలిస్తే, దాంతో సర్దుకోగలమో లేదో తేల్చుకోవచ్చు. తర్వాత తెలిస్తే, నెలనెలా అద్దె కట్టి మరీ భరించాలి.

నేను ఇది డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వెళ్లాను. రెండో అంతస్తు, వెనకవైపు బెడ్‌రూమ్. కిటికీ తీస్తే ఇరుకు సందు, ఎదురుగా మూసి ఉన్న పెద్ద షట్టరు. అంతా నిశ్శబ్దం. మెయిన్ రోడ్డు పక్కనే ఇంత ప్రశాంతంగా ఉందేంటా అని మురిసిపోయి, అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంట్లో దిగిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి పీప్ పీప్ పీప్ అంటూ ఒక ట్రక్కు ఆ సందులోకి రివర్స్‌లో వచ్చింది. షట్టరు ఘడఘడా పైకి లేచింది. ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి దబదబా పడటం మొదలైంది. అది ఒక సూపర్‌మార్కెట్ గోడౌన్. ఆదివారం సెలవు, మిగతా ఆరు రోజులూ ఇదే సుప్రభాతం. ఓనర్ నాతో అబద్ధమేమీ చెప్పలేదు. నేనే అడగలేదు. ఏడాది అగ్రిమెంట్, మధ్యలో వదిలేస్తే డిపాజిట్ పోతుంది. చెవుల్లో దూది పెట్టుకుని ఏడాది గడిపాను.

అందుకే ఏ ఇల్లు చూసినా ముందు ఓనర్‌నే నేరుగా అడగండి: "ఈ వీధిలో మిగతావాటికన్నా అద్దె తక్కువ చెప్తున్నారు, ఎందుకని?" చాలామంది నిజమే చెప్తారు. తడబడితే అది కూడా జవాబే.

ముందు లెక్క

ఆదాయంలో 30 శాతానికి మించి అద్దె ఉండకూడదని అందరూ చెప్తారు. ఈ లెక్క వెనక అమెరికాలో ప్రభుత్వం పేదలకు అద్దెకిచ్చే ఇళ్ల కథ ఉంది. ఆ ఇళ్లలో అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టం చేశారు. 1981లో దాన్ని 30కి పెంచారు. అంటే ఇదేమీ ప్రకృతి నియమం కాదు, ఒక ప్రభుత్వం తన అవసరానికి గీసుకున్న గీత. నడిబొడ్డున ఉండాలనుకునేవాళ్లు అద్దెనీ ప్రయాణం ఖర్చునీ కలిపి చూసుకోవాలి. బండి అక్కర్లేకుండా నడిచి వెళ్లగలిగితే అద్దె కొంచెం ఎక్కువైనా గిట్టుబాటవుతుంది. నెత్తిన అప్పుల వాయిదాలుంటే 25 శాతం కూడా బరువే.

అద్దె ఎంతని కాదు, అన్నీ కలిపి నెలకు ఎంతని అడగండి. మెయింటెనెన్స్, నీళ్లు, జనరేటర్, చెత్త... ఇవి విడిగా ఉంటే చవక ఇల్లు కాస్తా మామూలు ఇల్లయిపోతుంది. సిటీ మధ్యలో పార్కింగ్‌కి చాలాచోట్ల వేరే డబ్బులు. డిపాజిట్, మొదటి నెల అద్దె, బ్రోకర్ కమిషన్, సామాను తెచ్చే ఖర్చు అన్నీ ఒకే వారంలో మీద పడతాయి. ఆ మొత్తం చేతిలో ఉంచుకునే వెతకడం మొదలుపెట్టండి.

కాలేజీలు తెరిచే రోజులు, ఉద్యోగాల్లో కొత్త బ్యాచ్‌లు చేరే రోజులు ఇళ్ల వేటకు అన్నిటికన్నా చెడ్డ కాలం. ఒక్కో ఇంటికి పదిమంది లైన్లో ఉంటారు. ఓనర్ బేరానికి రాడు, మనకు టెన్షన్, మోసగాళ్లకు పండగ. వీలైతే ఆ సీజన్ దాటాక వెతకండి. వీల్లేకపోతే రెండు మూడు వారాలు ఏ హాస్టల్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో సర్దుకుని అక్కడ్నుంచి వెతకండి. నెత్తి మీద కప్పు ఉన్నవాడు తొందరపడడు. ఆ దగ్గర్లో ఉంటే సాయంత్రాలు వీధుల వెంట నడవొచ్చు కూడా. ఆన్‌లైన్లో పెట్టని బోర్డులు కనిపిస్తాయి. బిల్డింగ్ సెక్యూరిటీనో, మూల మీద కొట్టాయననో పలకరిస్తే, వచ్చే నెల ఏ ఫ్లాట్ ఖాళీ అవుతుందో చెప్తారు. ఆ ఇంటి సంగతులు బ్రోకర్ కన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

డబ్బు పోయే దారులు

ఇల్లు చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. టోకెన్ అన్నా, బ్లాకింగ్ అన్నా, గేట్ పాస్ అన్నా, వెరిఫికేషన్ ఫీజు అన్నా సరే. ఈ మోసం ఎప్పుడూ ఒకే బాణీలో నడుస్తుంది. ఫొటోలు అద్దంలా ఉంటాయి, అద్దె నమ్మలేనంత తక్కువ. ఓనర్ వేరే దేశంలోనో, బదిలీ మీద వేరే ఊళ్లోనో ఉంటాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు, తన ఐడీ కార్డు ఫొటో కూడా పంపిస్తాడు. (ఆ కార్డు ఇంకో బాధితుడిది అయ్యుండొచ్చు.) "ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, మీరు మంచివాళ్లలా ఉన్నారని ఆపాను" అంటాడు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి.

ఫొటో మీద అనుమానం వస్తే దాన్ని ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. అదే సోఫా, అదే కర్టెన్ వేరే సిటీలో ప్రకటనలోనో, ఏదో హోటల్ పేజీలోనో కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. దూరంగా ఉండి స్వయంగా వెళ్లలేకపోతే వీడియో కాల్ అడగండి. ముందే తీసిపెట్టుకున్న వీడియో వద్దు. కాల్‌లో ఉండగానే "ఆ కిటికీ తీయండి, కింద వీధి చూపించండి, ఇప్పుడు కుళాయి తిప్పండి" అని చెప్పి చేయించండి.

ఇంకో రకం మోసం ఉంది, అది మరీ ప్రమాదం. ఇల్లు నిజమే, తాళం నిజమే, చూపించేవాడే దొంగ. రెండు రోజులకని ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుంటాడు. ఆ రెండు రోజుల్లో పదిమందికి ఓనర్‌నని చూపించి, పదిమంది దగ్గరా అడ్వాన్స్ తీసుకుని మాయమవుతాడు. కాబట్టి ఇల్లు చూస్తే సరిపోదు, మనిషినీ చూడాలి. ఇంటి పన్ను రసీదు లేదా ఆస్తి పత్రం మీద పేరు, ఆయన ఐడీ మీద పేరు, మీరు డబ్బు వేసే బ్యాంకు ఖాతా పేరు, మూడూ ఒకటే ఉండాలి. తేడా ఉంటే దానికి కాగితం మీద రుజువు కావాలి. పక్క ఫ్లాట్ తలుపు కొట్టి "ఈ ఇంటి ఓనర్ ఎవరండీ" అని అడగడానికి మొహమాటపడకండి. ఇప్పుడున్న కిరాయిదారే మీకు ఒక గది ఇస్తానంటే, ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు చూపించమనండి. అది లేకుండా దిగితే ఓనర్ దృష్టిలో మీరు ఎవరో.

మీ ఐడీ కాపీ ఇవ్వాల్సి వస్తే దాని మీద అడ్డంగా "అద్దె ఇంటి కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి ఇవ్వండి.

ఇంట్లో ఏం చూడాలి

రెండుసార్లు వెళ్లండి. ఒకటి పగలు, ఒకటి రాత్రి పదిన్నర దాటాక. వీలైతే తెల్లవారుజామున కూడా (ఎందుకో మీకు తెలుసు). ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రాత్రిళ్లు ఇంటి బయట రోడ్డు ట్రాఫిక్ శబ్దం సగటున 45 డెసిబెల్స్ కంటే తక్కువ ఉండాలని ఉంది. డెసిబెల్స్ మామూలు అంకెల్లా పెరగవు. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, మన చెవికి దాదాపు రెట్టింపు మోత. ఫోన్ యాప్ చూపే అంకె ఖచ్చితం కాదు గానీ, రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. బెడ్‌రూమ్ కిటికీ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూడండి.

పై అంతస్తులో చవగ్గా వస్తోందంటే ఎండ వేడి ఒక కారణం, నీటి ఒత్తిడి ఇంకోటి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీ షవర్ కన్నా ట్యాంకు మూడు మీటర్లే ఎత్తున ఉందంటే, మోటారు పంపు లేకపోతే ఆ నీటికి 0.3 బార్ మాత్రమే. సబ్బు కడుక్కోవడానికి ఓపిక కావాలి. వంటింటి కుళాయి, షవర్ రెండూ తిప్పి, అదే సమయంలో ఫ్లష్ నొక్కి చూడండి. అప్పటికీ ధార సన్నబడకపోతే మంచి ఇల్లే.

కింద అంతస్తుల్లో చెమ్మ చూసుకోవాలి. మూడు గోడలు పాతబడి, ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉంటే దాని కింద ఏదో దాగుంది. ఆ గోడ మీద చెయ్యి ఆనించండి. గోడకున్న అల్మారా తలుపు తీసి వాసన చూడండి. సెల్లార్‌లో మీటర్ బోర్డుల కింద గోడ మీద అడ్డంగా మట్టి గీత కనిపిస్తే, గట్టి వాన పడినప్పుడు నీళ్లు అంతవరకు వచ్చాయన్నమాట.

మంచం, పరుపుతో సహా ఇస్తామంటే సంబరపడకుండా పరుపు అంచు కుట్లు విప్పదీసినట్టు పక్కకు లాగి, టార్చ్ వేసి చూడండి. నల్లి 5 మిల్లీమీటర్లే ఉంటుంది గానీ అది వదిలిన నల్లటి చుక్కలు గుడ్డ మీద సిరా మరకల్లా కనిపిస్తాయి. ఇల్లు రెండు నెలలుగా ఖాళీగా ఉంది కాబట్టి నల్లులు ఉండవనుకోకండి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి.

సైజు విషయంలో ఫొటోల్ని నమ్మొద్దు, వైడ్ లెన్స్‌లో బాత్‌రూమ్ కూడా హాలులా కనిపిస్తుంది. టేపు పట్టుకెళ్లి గది కొలవండి, మెట్ల మలుపు కూడా కొలవండి. ఫోన్ సిగ్నల్ ప్రతి గదిలో చూసుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకోగలిగే లోపాలు. రెండింటి దగ్గర మాత్రం బేరమే లేదు. ఒకటి, గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్. గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. సంగతి అర్థమయ్యేలోపే మనిషి స్పృహ తప్పొచ్చు. పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే ఆ గీజర్ తీయించాకే దిగండి. రెండోది, మంటలొస్తే బయటపడే దారి. పాత షాపుల మీద ఒక పెద్ద హాలును ప్లైవుడ్‌తో గదులుగా కోసి అద్దెకిచ్చే చోట్లుంటాయి. కిటికీకి తెరుచుకోని గ్రిల్, ఉన్న ఒకే ఒక్క మెట్లదారిలో షాపు అట్టపెట్టెలు. ఎంత చవకైనా అక్కడ ఉండొద్దు.

బేరం, అగ్రిమెంట్

లోపం ముందే తెలిస్తే ఇంకో లాభం, అదే మన చేతిలో బేరం. "నీటి ధార సన్నంగా ఉంది, పంపు పెట్టించండి, లేదంటే అద్దె తగ్గించండి" అంటే మాటకు బలం ఉంటుంది. ఊరికే "కొంచెం తగ్గించండి సార్" అంటే ఎవరూ తగ్గించరు. ఎక్కువ కాలం ఉంటానని మాటిస్తే, ఖాళీ అయిన వెంటనే దిగుతానంటే కూడా మెత్తబడే ఓనర్లుంటారు.

అగ్రిమెంట్‌లో అందరూ అద్దె అంకె చూసి సంతకం పెట్టేస్తారు. చూడాల్సింది బయటికి వెళ్లే దారి. ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత పోతుంది, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దేనిదేనికి కోత పెడతారు. అద్దె ఎప్పుడు, ఎంత పెంచుతారో అంకెల్లో ఉండాలి. "మార్కెట్ ప్రకారం" అని రాస్తే ఒప్పుకోకండి. డిపాజిట్ ఎంతవరకు తీసుకోవచ్చు, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించాలా అన్నవి మీరుండే చోట చట్టం ఏం చెప్తుందో చూసుకోండి. నోటితో ఇచ్చిన మాటల్ని ఆ సాయంత్రమే మెసేజ్‌లో పెట్టండి: "పంపు ఈ నెలాఖరులోగా పెట్టిస్తామన్నారు, థాంక్యూ అండీ." ఆయన సరే అని జవాబిస్తే అది రాతే.

స్నేహితులతో కలిసి తీసుకుంటుంటే అగ్రిమెంట్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. మీ ఒక్కరి పేరే ఉంటే, మిగతావాళ్లు చెప్పకుండా వెళ్లిపోయిన నెల మొత్తం అద్దె మీదే.

తాళం చేతికొచ్చిన రోజు

సామాను దించకముందే ఖాళీ ఇంటిని వీడియో తీయండి. గోడల మీద మేకు కన్నాలు, పగిలిన టైలు మూల, సింకు కింద తుప్పు, అన్నీ దగ్గర్నుంచి. కరెంటు మీటరు అంకె కనపడేలా ఫొటో తీసి, పాత బిల్లులు కట్టేసిన రసీదు అడగండి. వీడియో, ఫొటో రెండూ అదే రోజు ఓనర్‌కు పంపండి. ఫోన్లో దాచుకుంటే చాలదు, ఆయనకు చేరినట్టు ఉండాలి. పాత కిరాయిదారు దగ్గర, బ్రోకర్ దగ్గర, రిపేరుకొచ్చినవాళ్ల దగ్గర ఎన్ని డూప్లికేట్ తాళంచెవులున్నాయో ఎవరికీ తెలియదు. ఓనర్‌కు చెప్పి మెయిన్ డోర్ తాళం మార్పించి, కొత్త చెవి ఒకటి ఆయనకు ఇవ్వాలో లేదో అప్పుడే మాట్లాడుకోండి.