టీ మానేయక్కర్లేదు, గ్లాసులో ఏముందో చూసుకోండి

ఎముకలు బలహీనంగా ఉన్నాయని డాక్టర్ చెప్పగానే చాలా ఇళ్లలో ముందు టీ మానేస్తారు. ముందు చూడాల్సింది అది కాదు, రోజంతా తాగినవాటితో ఒంటికి కాల్షియం ఎంత అందింది అన్నది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు 1200. 200 మి.లీ. గ్లాసుడు పాలతో దాదాపు 240 వస్తుంది.

టీ, కాఫీల్లోని కెఫీన్ వల్ల మూత్రంలో కొంత కాల్షియం పోయే మాట నిజమే. అయితే అది కప్పుకు కొద్ది మిల్లీగ్రాములే, రెండు పెద్ద చెంచాల పాలు పడితే ఆ లోటు తీరిపోతుంది. చేటంతా చాయ్‌తోనే కడుపు నింపుకుని పాలు, మజ్జిగ పక్కన పెట్టేయడంలో ఉంది. కెఫీన్ రోజుకు 300 మి.గ్రా. దాటకూడదు. 150 మి.లీ. టీలో 30 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 దాకా ఉంటుంది. అంటే మూడు ఫిల్టర్ కాఫీల మీద సాయంత్రం ఇరానీ చాయ్ కూడా పడితే హద్దు దాటిపోవచ్చు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం కార్బొనేట్ మాత్రను భోజనంతో పాటు మంచినీళ్లతో వేసుకోండి. థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

కూల్‌డ్రింకుల్లో కోలాల మీదే అనుమానం ఎక్కువ. రోజూ కోలా తాగే ఆడవాళ్లలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉన్నట్టు 2006లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పరిశోధనలో తేలింది. మిగతా గ్యాస్ డ్రింకుల్లో అలా కనిపించలేదు. కాబట్టి ఉత్త సోడాకు భయపడక్కర్లేదు.

టీ, కాఫీ, కూల్‌డ్రింకులకంటే మంచిది రాగి జావ. మూడు పెద్ద చెంచాల పిండిని (సుమారు 30 గ్రాములు) అర గ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలపండి. పొడి పిండిని మరిగే నీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. గ్లాసున్నర నీళ్లు మరిగాక ఆ పిండినీళ్లు సన్నగా పోస్తూ, తిప్పుతూ ఎనిమిది నిమిషాలు సన్నసెగ మీద ఉడికించండి. పచ్చివాసన పోయి, గరిటెకు పలుచగా అంటుకుంటే దించేయొచ్చు. గోరువెచ్చగా అయ్యాకే అరకప్పు చిలికిన పెరుగు కలపాలి, వేడిలో పోస్తే విరుగుతుంది. రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టి ఉంచుతుంది. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి వాడినా, రాత్రే కలిపి పులియబెట్టి అంబలి చేసినా అది తగ్గుతుంది. ఉప్పు చిటికెడు చాలు, ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. మజ్జిగలోనూ ఉప్పు అంతే. మజ్జిగలో ఎన్ని నీళ్లు కలిపినా కాల్షియం అందులో వేసిన పెరుగుకు తగ్గట్టే ఉంటుంది, పెద్ద గ్లాసు చూసి మోసపోవద్దు.

ఇక నీళ్లు. ఎముకలను వంకర చేసిన నల్గొండ ఫ్లోరైడ్ గోస మనకు తెలియంది కాదు. బోరు నీళ్లు తాగే ఇల్లయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీటి దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కనవుతుంది. యూవీ ఫిల్టర్ కూడా తీయలేదు, ఆర్వో తీస్తుంది. ఎక్కువగా ఉందని తేలితే వంటకూ ఆ నీళ్లు మానండి, అన్నం, పప్పు ఉడుకుతూ వాటినే పీల్చుకుంటాయి.