పిల్లల బొమ్మలు, పాటలు పరిశీలించే ముందు జాగ్రత్తలు

విజయవాడ, గుంటూరు ప్రాథమిక బడుల్లో కళల బోధన చూడటానికి వెళ్లే హెడ్మాస్టర్లు, తోటి టీచర్లు బయల్దేరే ముందే ఇవి చూసుకోండి.

• టీచరుకి ముందే చెప్పండి, ప్రత్యేకంగా ఏమీ సిద్ధం చేయొద్దని కూడా చెప్పండి. లేకపోతే గోడ నిండా అవే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు.

• ఒక్క బొమ్మ చూసి తీర్పు ఇవ్వకండి. జూన్‌లో వేసింది, ఇప్పుడు వేసింది పక్కపక్కన పెట్టండి. వెనక పేరు, తేదీ లేకపోతే ఆ పోలిక కుదరదు కాబట్టి ఈ అలవాటు ముందు చేయించాలి.

• "ఇదేంటి?" అనొద్దు, "దీని గురించి చెప్పమ్మా" అనండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ వైపు పిల్లలు మట్టిరంగు నీళ్లలో ఇల్లు వేయొచ్చు. రంగు తప్పని దిద్దకండి, గుచ్చి గుచ్చి అడగకండి. చెప్పినంత వినండి. భయం లేకుండా పిల్లలు తమ అభిప్రాయం చెప్పగలగాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటోంది.

• టీచరు చెయ్యి పడిన బొమ్మలను పక్కన పెట్టండి. వంకరగా ఉన్నా పిల్లలదే చూడాలి.

• కొండపల్లి బొమ్మల పాఠంలో ఆ బొమ్మలు చేసే తేలికైన తెల్ల పొణికి చెక్కను పిల్లలు చేత్తో పట్టుకున్నారా, లేక అచ్చు బొమ్మకి రంగులు నింపి వదిలేశారా?

• పాటలో, నాటికలో వెనక వరుస పిల్లలకు వంతు వచ్చిందా?

• కత్తెర మొనలు, రంగుల డబ్బాలు పిల్లలకు హాని చేయనివేనా చూడండి.

• ర్యాంకులు వద్దు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.