న్యూజిలాండ్‌లో ఇంటి బట్టీ: చట్టం దాటకుండా కాయడం

న్యూజిలాండ్‌లో సొంత వాడకానికి ఇంట్లో మద్యం కాయడం 1996 నుంచి చట్టబద్ధమే. ఆక్లాండ్‌లో స్థిరపడిన మనవాళ్లకు ఈ మాట ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే సారా బట్టీ అనగానే ఎక్సైజ్ దాడులూ, నేలపాలైన బెల్లపు ఊటా గుర్తొస్తాయి. అయితే ఒక్క సీసా అమ్మదలచినా లైసెన్సు, ఎక్సైజ్ సుంకం తప్పవు కనుక, డబ్బు తీసుకుని ఎవరికీ ఇవ్వకూడదు.

పరికరం రాగిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అయి ఉండాలి. ఆవిరిని చల్లార్చడానికి పాత కారు రేడియేటరును వాడితే, అతుకుల్లోని సీసం మద్యంలోకి దిగే ప్రమాదం ఉంది. ఆవిరి బయటికి పోయే దారి ఎన్నడూ మూసుకుపోకూడదు. ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందువల్ల గ్యాస్ మంట కన్నా విద్యుత్ హీటరు మేలు, కిటికీలు తెరిచి పెట్టి, పని ముగిసేదాకా పక్కనే ఉండాలి. మొదట దిగే ధార గోళ్ల రంగు తుడిచే ద్రవంలా ఘాటుగా వాసన కొడుతుంది. దాన్ని రుచి చూడకుండా పారబోయాలి.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఈ విద్య ప్రదర్శించవద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నాటుసారా కాయడం నేరం.